బర్జిల్లయి తన దిగులును దాచలేదు
(వృద్ధాప్యములో మతి తప్పునేమో యను భయమును గూర్చిన పాఠము)

వాక్యభాగము: 2 సమూయేలు 19:31–39. దీనితో కూడ కీర్తన 71, యెషయా 49:14–16 చదువుకొనవలెను.



ఆసుపత్రిలో వృద్ధులను దర్శించువారికి ఒక సంగతి తెలిసియుండును. మేము మంచము ప్రక్కన కూర్చుండగానే వారు మొదట కంటికి కనబడు రోగమును గూర్చియే చెప్పుదురు. తుంటి ఎముక విరిగినదనియు, చక్కెర పుండు మానుట లేదనియు, మూత్రములో మంటయనియు చెప్పి ప్రార్థన చేయుమందురు. కుమారుడు మందుల దుకాణమునకో, కోడలు టీ తెచ్చుటకో బయటికి పోయిన తరువాత రెండవ మనవి వచ్చును. అది మెల్లగా, చేయి పట్టుకొని చెప్పు మనవి. "అయ్యగారూ, కాలు పోతే పోయింది, బుద్ధి పోకుండా ప్రార్థన చెయ్యండి. నా బిడ్డల్ని నేను గుర్తుపట్టలేని రోజు రాకముందే దేవుడు నన్ను తీసుకుపోవాలి" అందురు. మరణమును గూర్చి ఇంత దిగులుతో మాటలాడినవారిని మేము తక్కువగా చూచితిమి.

ఈ భయము ఇంటివద్దకంటె ఆసుపత్రిలోనే ఎక్కువగా తల యెత్తును. అందుకు కారణములు లేకపోలేదు. తన ఇంటిలో ఏ గోడకు ఏ మేకున్నదో ఎరిగిన మనిషి ఇక్కడ రాత్రి లేచి మరుగుదొడ్డి ఎటువైపో తెలియక నిలుచుండును. దీపములు రాత్రియంతయు వెలుగుచుండును గనుక పగటికిని రాత్రికిని తేడా తెలియదు. కళ్లజోడు ఇంటివద్దనే ఉండిపోయినది. ప్రక్క మంచము మీది పెద్దాయన అక్కడ లేనివారిని పేరుపెట్టి పిలుచుచు సెలైను గొట్టమును పీకివేయుచుండును. అది చూచుచు ఈయన "రేపు నా గతియు ఇంతేనేమో" యనుకొనును.

అంతలో డాక్టరుగారు వచ్చి ఈ దినము ఏ వారము, ఇది ఏ ఊరు, నూరులోనుండి ఏడు తీసివేసిన ఎంత అని యడుగుదురు. అవి శ్రద్ధతో అడుగు ప్రశ్నలే. 1975లో ఫోల్‌స్టీన్ అను అమెరికా వైద్యుడు తోటివారితో కలిసి ప్రకటించిన 30 మార్కుల పరీక్షలో ఇట్టివే యున్నవి. కాని బడి ముఖము చూడని మామ్మగారికి అవి తన్ను పిచ్చిదాని క్రింద కట్టుటకు వేసిన ప్రశ్నలుగా తోచును. చదువురాని వృద్ధులకు ఆ పరీక్ష తగదని గ్రహించియే పరిశోధకులు మన దేశములో దానిని మార్చి, హిందీలో వేరొక పరీక్షను 1995లో ప్రకటించిరి. లెక్క తప్పినంత మాత్రమున మతి తప్పినట్లు కాదని డాక్టర్లును ఎరుగుదురు.

తల్లినో అత్తనో ఆ స్థితిలో ఏండ్ల తరబడి సాకినవారి భయము వేరు. వారు ఊహించుకొని భయపడుట లేదు, చూచి భయపడుచున్నారు. అట్టివారితో "ఏమీ కాదులెండి" యని లేచి వచ్చుట పరామర్శ కానేరదు.

ఇక వాక్యభాగమునకు వత్తము. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు యొర్దాను దాటి మహనయీమునకు పారిపోయెను. అలసి, ఆకలిగొనియున్న ఆ జనమునకు పరుపులు, కుండలు, గోధుమలు, యవలు, కాయధాన్యములు, తేనె, వెన్న తెచ్చిన ముగ్గురిలో గిలాదువాడైన బర్జిల్లయి యొకడు (17:27–29). యుద్ధము ముగిసి రాజు యెరూషలేమునకు తిరిగి పోవునప్పుడు ఏటివరకు సాగనంపుటకు వచ్చెను. అప్పటికి అతని వయస్సు 80. నాతోకూడ రమ్ము, నిన్ను నేను పోషింతునని రాజు పిలిచెను. అంతటి ఆస్తిపరుడు, నలుగురిలో పేరున్నవాడు, రాజు నెదుట ఏమని బదులు చెప్పెను? మంచిచెడ్డల భేదము తనకిక తెలియునా యనియు, తినుదాని రుచి, త్రాగుదాని రుచి తెలియునా యనియు, పాడువారి స్వరము వినబడునా యనియు రాజునే తిరిగి ప్రశ్నించెను.

మంచిచెడ్డలనగా ఇక్కడ ఇంపైనవి, ఇంపుకానివి అని మాత్రమే అర్థమని కొందరు వ్యాఖ్యానకర్తలందురు. హెబ్రీ మాటలకు ఆ అర్థమును కలదు. వివేచన తగ్గుటయే యని మరికొందరు. ఈ రెండవ అర్థమును విడువనక్కరలేదని మా తలంపు. ఏలయనగా చెవి తగ్గినదనియు, నాలుక తగ్గినదనియు లెక్కపెట్టుకొను 80 ఏండ్ల మనిషి బుద్ధిని గూర్చిన అనుమానమును మాత్రము లెక్కలో చేర్చకుండునా? ఏ అర్థము తీసికొనినను ఒక సంగతి స్పష్టము. అతడు దాచలేదు. రాజు నవ్వునేమో, ఊరివారు చెప్పుకొందురేమో, కుమారులు పొలము వ్రాయించుకొందురేమో యని మాటను మ్రింగుకొనలేదు. దావీదును అతనిని గద్దింపలేదు. నీకు విశ్వాసము చాలదని చెప్పలేదు. ముద్దుపెట్టుకొని, దీవించి, అతడు కోరిన చోటికి పోనిచ్చెను.

మన ఇండ్లలో ఈ సంభాషణ జరుగుట లేదు. పెద్దవారు దాచుదురు, పిల్లలు "చాదస్తం" అని నవ్వి త్రోసివేయుదురు. దాచుటవలన కలుగు నష్టము మాటలలో మాత్రమే కాదు, ఆరోగ్యములోనే కలుగుచున్నది. అది యెట్లో చెప్పుటకు కొంత వైద్యసంగతి చెప్పవలసియున్నది.

"మతి తప్పుట" యని మన ఊళ్లలో ఒకే పేరుతో పిలుచువాటిలో నిజముగా వేర్వేరు సంగతులున్నవి. వయస్సుతో వచ్చు సాధారణమైన మరపు ఒకటి. మనిషి పేరు నాలుక చివర నిలిచిపోవును, సాయంకాలమునకు తానే జ్ఞాపకము వచ్చును. మాంట్రియల్ నగరములో వృద్ధులను పరీక్షించిన క్రాల్ అను వైద్యుడు 1962లో ఇట్టి మరపును హాని లేనిదిగా వేరుచేసి వ్రాసెను. కూరలో ఉప్పు వేసితినా లేదా యని రుచి చూచుకొనుట వేరు. 40 ఏండ్లుగా వండిన పులుసు ఎట్లు మొదలుపెట్టవలెనో తెలియక పొయ్యి యెదుట నిలిచిపోవుట వేరు. మొదటిదాని కొరకు ఎవరును నిద్ర పాడుచేసికొన నక్కరలేదు.

ఆసుపత్రిలో ఎక్కువగా భయపెట్టునది మరియొకటి. మన పెద్దలు దానిని "సంధి" యనిరి. సంధి ప్రేలాపన యను మాట మీరందరు విన్నదే. డాక్టర్లు డెలీరియం అందురు. నిన్నటివరకు చక్కగా మాటలాడిన మనిషి ఆపరేషను జరిగిన రెండవ రాత్రి గోడమీద చీమలు ప్రాకుచున్నవనును, చనిపోయిన అన్న వచ్చి తలుపు వద్ద నిలిచియున్నాడనును, ఇంటికి పోవుదమని లేచును. తెల్లవారినప్పుడు కొంత నెమ్మది, చీకటి పడగానే మరల మొదలు. ఇది గంటలలో, దినములలో వచ్చునది. డిమెన్షియా యను రోగము సాధారణముగా నెలలలో, ఏండ్లలో మెల్లగా వచ్చునది. ఈ ఒక్క భేదము ఎరిగియుండినయెడల ఎందరి గుండె కుదుటపడునో! సంధిలో కేకలు వేయని రకమొకటి కలదు. రోగి మత్తుగా పడియుండి, అడిగినదానికి బదులు చెప్పక, అన్నము వద్దనుచుండును. "పాపం, బాగా నిద్రపోతున్నాడు" అని బంధువులు సంతోషింతురు. నిజమునకు గొడవ చేయువానికంటె వీనినే డాక్టరుగారు ముందు చూడవలసి యుండవచ్చును.

సంధికి కారణము దయ్యము కాదు, చాలమారులు మూత్రములో చేరిన సూక్ష్మక్రిములు. లేదా ఒంటిలో నీరు చాలకపోవుట, రక్తములో సోడియము తగ్గుట, ఊపిరితిత్తులకు నిమ్ము చేరుట, నొప్పి తగ్గకుండుట, మూత్రము బిగియుట, మలబద్ధకము, మూడు రాత్రులు నిద్రలేకుండుట. మందులును కారణమగును: నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు, దురద మాత్రలు వృద్ధుల బుద్ధిని మసకబార్చును. కనుక ఇంటివద్ద వాడుచున్న మాత్రలన్నియు, ఆర్.ఎం.పి. ఇచ్చినవియు, నాటువైద్యుడిచ్చినవియు, ఒక సంచిలో వేసికొని డాక్టరుగారికి చూపవలెను.

ఇక్కడ ఒక మాట చెప్పకుండ ఉండలేము. సంఘములో మర్యాదకు వెరచి త్రాగుడు అలవాటును దాచువారు కలరు. ప్రతి దినము సారాయో బ్రాందీయో పుచ్చుకొనువాడు తుంటి విరిగి ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానవలసివచ్చినప్పుడు రెండు మూడు దినములలో చేతులు వణకి, లేనివి కనబడి, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. తెలంగాణ పల్లెలలో మత్తుమందు కలిపిన కల్లునకు అలవాటైనవారి సంగతియు అంతే. డాక్టరుగారితో నిజము చెప్పుడి. వారు సంఘ పెద్దలకు చెప్పరు. చెప్పినను, నిందకంటె ప్రాణము గొప్పది కాదా?

సంధి చాలవరకు నివారింపదగినది. అమెరికాలో షారన్ ఇనూయే అను వైద్యురాలు 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులపై జరిపి 1999లో ప్రకటించిన అధ్యయనమిది. సాధారణ సేవ పొందినవారిలో నూటికి 15 మందికి సంధి రాగా, ప్రత్యేక సేవ పొందినవారిలో 10 మందికంటె కొంచెము తక్కువగా వచ్చెను. ఆ ప్రత్యేక సేవ యేమి? క్రొత్త మందేదియు కాదు. ఈ దినమేదో, ఇది ఏ ఊరో మాటిమాటికి చెప్పుట, పగలు కూర్చుండబెట్టి నడిపించుట, నీళ్లు త్రాగించుట, కళ్లజోడును చెవి యంత్రమును తగిలించుట, రాత్రి సద్దు తగ్గించి వెచ్చని పానీయమిచ్చి, వీపు నిమిరి నిద్రపుచ్చుట. ఇందులో మన స్త్రీల సమాజమువారు చేయలేనిదేమున్నది? నర్సమ్మగారి అనుమతితో చేయవలెను, అంతే. అన్నిటికంటె విలువైన సాక్ష్యము ఇంటివారిది. "మా నాన్న మొన్నటిదాకా ఇలా లేడు, లెక్కలన్నీ ఆయనే చూసేవాడు" అని మీరు చెప్పిననే డాక్టరుగారికి ఇది హఠాత్తుగా వచ్చిన మార్పు అని తెలియును. "ముసలితనం కదా" యని ఊరకుండినయెడల మందిచ్చి కుదుర్చదగినది కుదరక పోవును.

సగము నిజము చెప్పి సంతోషపెట్టుట మాకు ఇష్టము లేదు గనుక ఇదియు చెప్పుచున్నాము. సంధి పలువురిలో దినములలో తగ్గును, కొందరిలో వారములు, నెలలు పట్టును. సంధి వచ్చిన వృద్ధులకు పిమ్మట డిమెన్షియా వచ్చు అవకాశము రానివారికంటె ఎక్కువ. కాబట్టి ఇంటికి వచ్చిన తరువాత కొన్ని నెలలకు ఒకసారి జ్ఞాపకశక్తిని పరీక్ష చేయించుట మంచిది. ఆ పరీక్షలో బి12 విటమిను తక్కువయో, థైరాయిడు లోపమో, మనోవ్యాకులతయో, తలలో రక్తము గడ్డకట్టుటయో బయటపడినయెడల వాటికి చికిత్స కలదు. భయపడి పరీక్షకు పోనివాడు ఈ చికిత్సలను కూడ పోగొట్టుకొనును.

ఇక నిజమైన డిమెన్షియా. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన 51 ఏండ్ల స్త్రీని చూచి, ఆమె మరణించిన పిమ్మట మెదడును పరీక్షించి, ఆలోయిస్ ఆల్జీమర్ అను వైద్యుడు 1906లో ఈ రోగమును వర్ణించెను. డిమెన్షియాకు కారణమగు రోగములలో ఎక్కువమందికి వచ్చునది ఇదియే. 2023లో ప్రకటింపబడిన అంచనా ప్రకారము మన దేశములో 60 ఏండ్లు మించినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షలమందికి డిమెన్షియా కలదు. స్త్రీలలోను, పల్లెలలోను ఎక్కువ. వయస్సు పెరుగు కొలది పెరుగును. అయినను 60 దాటిన నూరుమందిలో 90 మందికి పైగా ఇది లేనివారే యని మరువరాదు. నయము చేయు మందు నేటికిని లేదు. కొంతకాలము లక్షణములను తగ్గించు మాత్రలు కలవు. రక్తపోటు, చక్కెర, చెవుడు, చూపు మందగించుట, పొగాకు, త్రాగుడు, ఒంటరితనము మొదలైన 14 కారణములను అదుపు చేయగలిగినయెడల లోకములోని డిమెన్షియాలో సుమారు నూటికి 45 వంతులు నివారించుటకో, వెనుకకు నెట్టుటకో వీలుండవచ్చునని లాన్సెట్ పత్రిక నియమించిన పండితుల సంఘము 2024లో తెలిపెను. చెవి వినబడక గుడిలో వెనుక బల్లమీద మౌనముగా కూర్చుండు వృద్ధుని ఈ లెక్కలో చూడవలెను.

మన తెలుగుదేశమునకు సంబంధించిన పరిశోధన యొకటి కలదు. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య సంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరములను డాక్టరు సువర్ణ అల్లాడి గారును తోటివారును పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకటే భాష మాటలాడువారికంటె రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాటలాడువారిలో రోగము సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా బయలుదేరినట్లు చూచిరి. చదువురానివారిలో కూడ ఈ భేదము కనబడెను. ఇది రోగము రాకుండ చేయు కవచము కాదు. పండితులలో దీనిని గూర్చి వాదములును కలవు. అయినను, ఇంటిలో తెలుగును సంతలో ఉర్దూను మాటలాడి బ్రదికిన చదువులేని మనిషిని బుద్ధి తక్కువవాడని ఎంచువారు దీనిని వినుట మంచిది.

ఇంత చెప్పినను భయము పోదని మాకు తెలియును. నూరుమందిలో ఏడుగురు ఉన్నారు గదా, ఆ ఏడుగురిలో నేను ఉందునేమో యని అడుగువారికి లెక్కలు బదులు చెప్పలేవు. విశ్వాసము గట్టిగా నున్నవానికి ఇట్టి రోగము రాదని కొన్ని కూటములలో బోధించుచున్నారు. మందులు మాన్పించి ఉపవాసములు చేయించుచున్నారు. ఇది వాక్యానుసారము కాదు. 71వ కీర్తన పాడిన వృద్ధ భక్తుడు బలము తగ్గిన దినమున తన్ను విడువవద్దని దేవుని వేడుకొనుచున్నాడు. ఆ భయమును ప్రార్థనలోనికి తెచ్చుటకు అతడు సిగ్గుపడలేదు. తన్ను ప్రభువు మరచెనని సీయోను విలపించినప్పుడు వచ్చిన జవాబు యెషయా 49లో నున్నది. తల్లి తన చంటిబిడ్డను మరచుట అసాధ్యమని అక్కడ చెప్పబడలేదు, మరచినను మరువవచ్చునని ఒప్పుకొనబడినది. డిమెన్షియా వార్డును చూచినవారికి ఆ ఒప్పుకోలు ఎంత నిజమో తెలియును. తాను మాత్రము మరువనని దేవుడు అక్కడ సెలవిచ్చుచున్నాడు. ఆమె రూపమును తన అరచేతులమీద చెక్కుకొన్నానని చెప్పుచున్నాడు. మన రక్షణ మన జ్ఞాపకశక్తిమీద కట్టబడినయెడల వృద్ధులలో ఎవరును నిశ్చింతగా నిద్రింపలేరు. అది మనలను జ్ఞాపకముంచుకొనువాని మీద కట్టబడినది. అందుచేతనే, పరలోక ప్రార్థన మధ్యలో మరచి ఆగిపోవు తాతగారికి ప్రభువు బల్లయొద్ద సంస్కారమిచ్చుటకు మేము సందేహింపము. మిగిలిన ప్రార్థనను ప్రక్కనున్నవారు చెప్పుదురు. మాటలు పోయినవారిలో కూడ చిన్ననాటి కీర్తనలు తరచుగా చాలకాలము నిలుచును. పాడి చూడుడి.

దర్శనమునకు పోవువారికి ఒక మనవి. మన జనులకు ఒక దురభ్యాసము కలదు. మంచము వద్ద నిలిచి "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెట్టుదురు. చెప్పలేకపోయిన "అయ్యో, నన్నే మరిచిపోయిందే" యని అందరు వినునట్లు నిట్టూర్చుదురు. డాక్టరుగారి ప్రశ్నకైన ఒక ప్రయోజనమున్నది, ఈ ప్రశ్నకు ఏమున్నది? "మామ్మా, నేను మీ పెద్దక్క మనవణ్ణి, పొలంగట్టు ఇంటి వాణ్ణి" అని మనమే ముందుగా చెప్పుకొనవలెను. ఆమె భయము చెప్పబూనినప్పుడు నోరు మూయింపక, ఏ సంగతి చూచి అట్లు తోచినదో అడుగవలెను. ఆ బదులులోనే డాక్టరుగారికి కావలసిన సమాచారము దొరకవచ్చును. ఆదుకొను బిడ్డలు దగ్గర లేని వృద్ధులకు ప్రభుత్వమువారి 14567 అను ఉచిత ఫోను కలదు. ఆ సంఖ్య పెద్ద అక్షరములతో వ్రాసి వారి దిండు ప్రక్కన ఉంచుడి.

బర్జిల్లయి చేసిన మరియొక పని మిగిలియున్నది. తన బలహీనత చెప్పి ఊరకుండలేదు. ఎక్కడ చనిపోగోరుచున్నాడో చెప్పెను, తన తలిదండ్రుల సమాధి యున్న ఊరిలో. తనకు బదులుగా ఎవరు పోవలెనో కూడ పేరుపెట్టి చెప్పెను, అతడు కింహాము. బుద్ధి స్థిరముగా నున్నప్పుడే చెప్పెను గనుక ఎవరును అతని మాటను త్రోసివేయలేకపోయిరి. మన పెద్దవారును ఇట్లు చేయవచ్చును. వీలునామా వ్రాయువాని బుద్ధి నిలుకడగా నుండి, ఇద్దరు సాక్షులు సంతకము చేసిన చాలును. రిజిస్టరు చేయించుట మంచిదే కాని తప్పనిసరి కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము, మున్ముందు తన బుద్ధికి లోపము కలిగినప్పుడు ఏ చికిత్స కోరునో, తన పక్షమున ఎవరు మాటలాడవలెనో ముందుగా వ్రాసి యుంచుకొనవచ్చును. ఏ కుమారునియొద్ద ఉండగోరుదురో, ఏ కుమార్తెను నమ్ముదురో భోజనపు వేళ నలుగురు పిల్లల యెదుట చెప్పుటకు కాగితమైనను అక్కరలేదు.

కింహాము రాజుతోకూడ ఏరు దాటి గిల్గాలునకు పోయెను. ఏండ్లు గడచి, దావీదు తానే ముసలివాడై మంచము పట్టి సొలొమోనునకు కడపటి ఆజ్ఞలిచ్చునప్పుడు, బర్జిల్లయి కుమారులకు తన బల్లయొద్ద భోజనము పెట్టుమని చెప్పెను (1 రాజులు 2:7).